ఫైబ్రోమయాల్జియా: ఒంటినిండా చెదిరిన లక్షణాలను ఒక్క కాగితం మీదికి తేవడం ఎలా?

నడుము నొప్పికి ఎముకల డాక్టరు. కడుపుబ్బరానికి గ్యాస్ట్రో డాక్టరు. తలనొప్పికి న్యూరాలజిస్టు. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోందని యూరాలజిస్టు. వెళ్ళిన ప్రతిచోటా పరీక్షలు చేశారు, ప్రతిచోటా "అన్నీ నార్మల్" అన్నారు. మీకు మాత్రం పొద్దున లేచేసరికి ఒళ్ళంతా హూనమైపోయి ఉంటుంది.

ఒళ్ళంతా నొప్పులు, తీరని అలసట తెచ్చే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది నడిచిన దారి ఇదే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ డాక్టరుకు సంబంధించిన ముక్కే చెబుతాం, వాళ్ళకూ ఆ ముక్కే కనిపిస్తుంది. మొత్తం బొమ్మ ఎవరి ముందుకూ రాదు. ఈ జబ్బును ఖాయం చేసే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. మీరు చెప్పేదాన్ని బట్టి, డాక్టరు మిమ్మల్ని స్వయంగా పరీక్షించేదాన్ని బట్టి నిర్ధారణ జరుగుతుంది. కాబట్టి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఇంట్లోనే సిద్ధం చేసుకోవడం ఇక్కడ వైద్యంలో సగం పని. జనాభాలో నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఉంటుందని అంచనా వేసే జబ్బు ఇది. ఆడవాళ్ళలో ఎక్కువగా బయటపడుతుంది, కానీ మగవాళ్ళకూ పిల్లలకూ వస్తుంది.

ఒక్క జబ్బుకు ఇన్ని లక్షణాలేమిటి అన్న అనుమానం సహజమే. నొప్పి ఉన్న చోట కండరం చిరగలేదు, కీలు అరగలేదు. తేడా నాడీవ్యవస్థలో ఉంది. చర్మం నుంచి, కండరాల నుంచి వచ్చే సంకేతాలను వెన్నుపాము, మెదడు ఉన్నదానికంటే పెంచి నొప్పిగా చూపిస్తాయి. ఆ నొప్పి ఊహ కాదు. ఈ రోగుల వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో, నొప్పి సంకేతాలను మోసే సబ్‌స్టెన్స్ పీ అనే రసాయనం మామూలు కంటే చాలా ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు కొలిచి చూశారు. వెలుతురును, చప్పుడును, పేగుల కదలికను, మూత్రాశయం నిండిన కబురును అందుకునేదీ ఆ నాడీవ్యవస్థే. అందుకే చిక్కు ఒక్కచోట ఆగదు.

మొదటి పని: ఒంటి బొమ్మ గీయండి

తెల్ల కాగితం మీద మనిషి ఆకారం రెండుసార్లు గీయండి, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. బొమ్మ బాగా రావాల్సిన పనిలేదు. గత వారం రోజుల్లో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో అక్కడ పెన్సిలుతో నింపండి. ఈరోజు లేదు కదా అని మొన్నటిది వదిలేయకండి. ఈ నొప్పి చోటు మారుతుంటుంది, ఒకరోజు భుజం, ఇంకోరోజు పిక్క.

తర్వాత చోట్లు లెక్కపెట్టండి. డాక్టర్లు వాడే లెక్కలో మొత్తం 19 చోట్లు ఉంటాయి. దవడ, భుజం, జబ్బ, ముంజేయి, పిరుదు, తొడ, పిక్క, ఈ ఏడూ కుడి ఒకటి ఎడమ ఒకటిగా పద్నాలుగు. మెడ, వీపు పైభాగం, నడుము, ఛాతీ, పొట్ట కలిపి మరో అయిదు. ఎన్ని చోట్ల నొప్పి ఉంటే అన్ని మార్కులు. ఏడు, అంతకంటే ఎక్కువ వస్తే ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి.

నొప్పి ఎలా ఉందో కూడా పక్కనే రాయండి. "నొప్పి" అన్న ఒక్క మాట సరిపోదు. సలుపుతోందా, పీకుతోందా, మండుతోందా, సూదులు గుచ్చినట్టుందా, పట్టేసినట్టుందా? మీ నోటికి వచ్చే మాటే రాయండి, డాక్టరు భాష వెతుక్కోవద్దు. మంట, తిమ్మిరి, సూదులు అన్న మాటలు నరాల వైపు చూపిస్తాయి, ఈ రోగుల్లో కొందరికి చర్మంలోని సన్నని నరాలు దెబ్బతిన్నట్టు బయటపడింది కూడా. బట్ట రాసుకున్నా, ఎవరైనా ప్రేమగా భుజం మీద చెయ్యేసినా నొప్పి పుడుతోందంటే అది తప్పకుండా రాయండి. మామూలుగా నొప్పి పుట్టించని స్పర్శకు నొప్పి పుట్టడం చాలా ముఖ్యమైన ఆనవాలు. దాన్ని చెప్పడానికే మొహమాటపడతారు చాలామంది.

ఎక్కడైనా మీ ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్లయినా నొప్పి రాలేదు కాబట్టి ఇది ఫైబ్రోమయాల్జియా కాదని తేల్చేస్తే, అది 1990 నాటి పద్ధతని గుర్తుంచుకోండి. 2010లో అమెరికాలోని కీళ్ళ, కండరాల జబ్బుల డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఆ నొక్కి చూసే లెక్క అక్కర్లేని కొత్త ప్రమాణాలు తెచ్చింది, 2016లో వాటిని సవరించారు. ఇక్కడ చెబుతున్న లెక్క ఆ సవరించినదే.

రెండో పని: అలసట, నిద్ర, మతిమరుపు

పక్కవాళ్ళకు ఏమాత్రం కనబడకుండా మనిషిని కుంగదీసేవి ఈ మూడే. వీటి మీద ఎక్కువసేపు కూర్చోండి.

అలసట అంటే పని చేసినందుకు వచ్చే బడలిక కాదు. స్నానం చేసి తల తుడుచుకునేసరికి కాసేపు పడుకోవాలనిపించడం, మెట్లెక్కి పైకి వెళ్ళాక ఎందుకొచ్చామో కూడా పట్టించుకోలేనంత నిస్సత్తువ, విశ్రాంతి తీసుకున్నా తీరకపోవడం. "నీరసంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ పని సగంలో వదిలేశారో రాయండి.

నిద్ర విషయంలో ఎన్ని గంటలు పడుకున్నారన్నదానికంటే లేచేసరికి ఎలా ఉందన్నదే ముఖ్యం. ఎనిమిది గంటలు పడుకుని కూడా రాత్రంతా మేలుకున్నట్టు లేవడం ఈ జబ్బులో మామూలు. గాఢనిద్రలో ఉండాల్సిన మెదడు తరంగాల్లోకి మెలకువ నాటి తరంగాలు చొరబడడాన్ని 1975లోనే నిద్ర పరిశోధకుడు హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం ఈ రోగుల్లో గమనించింది. లేచాక ఒళ్ళు బిగుసుకుపోయి, వేళ్ళు ముడవడానికి ఎంతసేపు పడుతోందో నిమిషాల్లో రాయండి. గురక పెడుతున్నారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని పక్కన పడుకునేవాళ్ళను అడగండి. పడుకోగానే కాళ్ళు కదపకుండా ఉండలేకపోతున్నారా? ఈ రెండూ విడిగా వైద్యం ఉన్న ఇబ్బందులు. కాళ్ళు నిలవని ఇబ్బందికి ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువ ఉండడం ఒక కారణం. దానికి ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

మూడోది మనసుకు మబ్బు పట్టడం. దీన్ని ఫైబ్రో ఫాగ్ అంటారు. తెలిసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చదివిన పేరానే మళ్ళీ చదువుతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎక్కదు. మతిపోతోందేమో, ఇది పెద్ద జబ్బుకు మొదలేమోనని లోపల్లోపలే భయపడి బయటికి చెప్పనివాళ్ళు ఎందరో. చెప్పండి. నిద్ర మెరుగుపడి, నొప్పి అదుపులోకి వస్తే ఇదీ తేలికపడుతుంది.

ఈ మూడింటికీ గత వారాన్ని బట్టి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయండి. లేకపోతే సున్నా. అప్పుడప్పుడూ కాస్త ఉంటే ఒకటి. తరచుగా వచ్చి పనులకు అడ్డుపడుతుంటే రెండు. ఎడతెరిపి లేకుండా బతుకునే అతలాకుతలం చేస్తుంటే మూడు. వీటికి, గత ఆరు నెలల్లో తలనొప్పి ఉంటే ఒకటి, పొత్తికడుపులో నొప్పో పట్టేసినట్టో ఉంటే ఒకటి, మానసిక కుంగుబాటు ఉంటే ఒకటి కలపండి. గరిష్ఠం 12.

నొప్పి చోట్లు ఏడు లేదా ఎక్కువ ఉండి ఈ మార్కులు అయిదు లేదా ఎక్కువ వచ్చినా, చోట్లు నాలుగు నుంచి ఆరు ఉండి మార్కులు తొమ్మిది లేదా ఎక్కువ వచ్చినా, ప్రమాణాల అంకె దాటినట్టే. దానితోపాటు లక్షణాలు దాదాపు ఇదే స్థాయిలో మూడు నెలలకు పైగా ఉండాలి. నొప్పి కుడి చెయ్యివైపు, ఎడమ చెయ్యివైపు, కుడి కాలువైపు, ఎడమ కాలువైపు, మెడ నుంచి నడుము దాకా అనే అయిదు భాగాల్లో కనీసం నాలుగింటిలో ఉండాలి. ఈ చివరి లెక్కకు దవడ, ఛాతీ, పొట్ట నొప్పులు పట్టవు. అంకె దాటినంత మాత్రాన జబ్బు ఖాయమైపోయిందనుకోకండి, అంకె తగ్గితే మీ బాధ అబద్ధమనీ అనుకోకండి. తేల్చాల్సింది డాక్టరు.

మూడో పని: తల నుంచి పాదం దాకా ఒక చుట్టు

ఇప్పటిదాకా ఈ జబ్బుతో ముడిపెట్టాలని మీకు తట్టనివన్నీ ఇప్పుడు వస్తాయి. నిదానంగా పైనుంచి కిందికి రండి.

తలలో: మైగ్రేన్, లేదా తల చుట్టూ బిగించి కట్టినట్టు నొప్పి, తల తిరగడం. కళ్ళు, నోరు ఆరిపోవడం. వెలుతురు భరించలేకపోవడం, మామూలు చప్పుడుకే విసుగు రావడం, అగరొత్తో అత్తరో ఘాటుగా తగిలి తల పట్టేయడం, చెవుల్లో హోరు. నమిలినప్పుడు, ఆవులించినప్పుడు దవడ కీలు దగ్గర నొప్పి.

ఛాతీలో: పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసే చోట నొక్కితే నొప్పి, గుండెదడ. ఛాతీ నొప్పి ఫైబ్రోమయాల్జియాలో ఉంటుంది, కానీ ఆ మాట పట్టుకుని గుండె పరీక్ష మాత్రం మానొద్దు.

పొట్ట దగ్గర మొహమాటం వదలాలి. ఉబ్బరం, ఒకసారి మలబద్ధకం ఇంకోసారి విరేచనాలు, మలవిసర్జన అయ్యాక నొప్పి తగ్గడం, ఇవన్నీ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగుల ఇబ్బంది లక్షణాలు. ఈ రెండు జబ్బులూ కలిసి ఉండడం చాలా మామూలు. మూత్రం ఆపుకోలేకపోవడం, ఇన్ఫెక్షన్ లేకపోయినా మూత్రాశయంలో నొప్పి, నెలసరిలో భరించలేని నొప్పి, దాంపత్యంలో నొప్పి కూడా రాయండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద ఉన్నది డాక్టరే చదువుకుంటారు. కాగితం వల్ల కలిగే పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

చేతులు, కాళ్ళు: తిమ్మిర్లు, మంటలు, కొంకర్లు, చూడడానికి వాపు లేకపోయినా వేళ్ళు ఉబ్బినట్టు అనిపించడం. చలికి వేళ్ళు తెల్లబడి తర్వాత నీలంగా మారుతుంటే దాన్ని విడిగా గుర్తుపెట్టండి, దానికి వేరే కారణాలూ ఉంటాయి. చర్మం దురద, అతిగా చెమట, ఎండా చలీ రెండూ తట్టుకోలేకపోవడం, ఏ మందు వేసుకున్నా దుష్ఫలితాలే ముందు కనిపించడం కూడా ఈ చుట్టులో చేరతాయి.

ఇక మనసు. దిగులు, ఆందోళన ఉంటే దాచకండి. "అది చెబితే అంతా మానసికమే అని కొట్టిపారేస్తారు" అన్న భయం నాకు అర్థమవుతుంది, కొన్నిచోట్ల జరిగేదీ అదే. కానీ కుంగుబాటు ఉండడం వల్ల నొప్పి అబద్ధమైపోదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి కాబట్టి రెండింటికీ వైద్యం కావాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం కాగితం పూర్తయ్యేదాకా ఆగొద్దు. ఈరోజే ఇంట్లోవాళ్ళకో డాక్టరుకో చెప్పండి.

నాలుగో పని: రెండు వారాల డైరీ

రోజుకు నాలుగు లైన్లు చాలు, రాత్రి పడుకునే ముందు. నొప్పి పదికి ఎంత, అలసట పదికి ఎంత, రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఆ రోజు చేసిన పెద్ద పని ఏమిటి. అంతకంటే ఎక్కువ రాయాలని కూర్చుంటే మూడోరోజుకే విసుగొస్తుంది. పైగా పూటపూటా ఒంటినే గమనించుకుంటూ ఉండడం నొప్పిని పెంచుతుంది కూడా.

నొప్పి ఎగదోసిన రోజున ఆ రోజునే తప్పుపట్టకుండా, ముందటి రెండు రోజుల్లో ఏం జరిగిందో చూడండి. శక్తికి మించిన పని, నిద్ర చెడడం, మనస్తాపం, జలుబూ జ్వరం, నెలసరి, వాతావరణం మారడం, ఇవి తరచుగా కనిపించే కారణాలు. చాలామంది డైరీలో బయటపడే వరస ఒకటుంది. కాస్త బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారే చేసేయడం, తర్వాత రెండుమూడు రోజులు మంచం పట్టడం. మీ డైరీలో అది కనిపిస్తే దానికింద గీత గీయండి, వైద్యం మొదలయ్యాక దానితోనే పని ఉంటుంది.

అయిదో పని: ఈ గాటన కట్టకూడనివి ఏరి పక్కన పెట్టండి

లక్షణాలన్నీ ఒకచోట చేర్చమని ఇంతసేపూ చెప్పాను. అన్నింటినీ ఫైబ్రోమయాల్జియా ఖాతాలో వేసేయడం కూడా అంతే ప్రమాదం. కింది వాటిలో ఏది ఉన్నా కాగితం పైభాగాన ఎర్రసిరాతో రాయండి.

కీలు కంటికి కనబడేలా వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండడం. వదలని జ్వరం. కారణం లేకుండా బరువు తగ్గడం. మలంలో రక్తం. నొప్పి వల్ల కాకుండా నిజంగానే బలం తగ్గి, చెయ్యి పైకెత్తలేకపోవడం, కూర్చున్నచోటి నుంచి లేవలేకపోవడం. యాభై దాటాక కొత్తగా రెండు భుజాలూ తుంట్లూ పట్టేసి పొద్దున గంటకు పైగా బిగుసుకుపోవడం. ఆ వయసులోనే కణతల దగ్గర కొత్త తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీ నొక్కేసినట్టై చెమటలు పట్టడం, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం, మలమూత్రాలు తెలియకుండా పోవడం, కాళ్ళ మధ్య స్పర్శ పోవడం, ఇవి గంటలు కూడా ఆగే విషయాలు కావు.

ఫైబ్రోమయాల్జియాలా కనిపించే జబ్బులూ ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ డి, బి12 లోపాలు, రక్తహీనత, కీళ్ళవాతం, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్, కండరాల జబ్బులు. అందుకే డాక్టర్లు సాధారణంగా రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును పట్టే ఈఎస్ఆర్, సీఆర్పీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, అవసరాన్ని బట్టి కండరాలకు సీకే వంటివి రాస్తారు. ఫైబ్రోమయాల్జియా ఒక్కటే ఉంటే ఇవి నార్మల్‌గా వస్తాయి. లక్షణాల ఆధారం లేకుండా లూపస్ వంటివాటికి చేసే ఏఎన్ఏ పరీక్ష పట్టుబట్టి చేయించుకోకండి. ఆరోగ్యవంతుల్లో కూడా అది కొందరికి పాజిటివ్ వస్తుంది, లేనిపోని భయం మిగులుతుంది. వేసుకుంటున్న మందుల పేర్లన్నీ రాయండి. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్లు కండరాల నొప్పి తెస్తాయి, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అలాగని సొంతంగా ఆపేయొద్దు, డాక్టరునే అడగండి.

కీళ్ళవాతమో లూపసో ఉందని తేలినంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా లేదని కాదు. రెండూ కలిసి ఉండొచ్చు. 2016 ప్రమాణాలు ఈ మాట స్పష్టంగానే చెబుతాయి.

ఆరో పని: డాక్టరు ముందు

ముందు మీకు బాగా తెలిసిన ఫిజీషియన్‌ను కలవండి, అవసరమైతే వాళ్ళే రుమటాలజిస్టు (కీళ్ళ, కండరాల జబ్బుల డాక్టరు) దగ్గరికి పంపుతారు. లావుపాటి ఫైలంతా ముందు పెడితే ఎవరూ తిరగేయరు. పైన ఒక్క పేజీ ఉంచండి. అందులో ఒంటి బొమ్మ, రెండు అంకెలు, ఎర్రసిరా లైన్లు, అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్న మూడు లక్షణాలు, మందుల జాబితా. నోరు తెరవగానే నడుము నొప్పితో మొదలుపెట్టకండి. "మూడు నెలలకు పైగా ఒంటికి రెండువైపులా, నడుముకు పైనా కిందా నొప్పులున్నాయి. ఎంత పడుకున్నా అలసట తీరడం లేదు, మతిమరుపు వస్తోంది. ఇవన్నీ ఒకే కారణం వల్లేమో చూడండి" అని చెప్పండి. పది సెకన్ల మాట. విన్నవాళ్ళకు ఏ వైపు ఆలోచించాలో తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. మీరు మర్చిపోయింది వాళ్ళు చెబుతారు, "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అనే మాట కూడా ఆ గదిలోంచి బయటికొచ్చాక చాలావరకు తగ్గుతుంది.

నిర్ధారణ అయ్యాక

ఇరవై లక్షణాలకు ఇరవై మందులు వద్దు. ఏ ఒక్కటి తగ్గితే మిగతావి కాస్త కుదుటపడతాయో డాక్టరుతో కలిసి తేల్చుకోండి. నా మట్టుకు నిద్రతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే నిద్ర చెడితే మర్నాడు నొప్పి, అలసట, మతిమరుపు మూడూ పెరుగుతాయి.

ఇన్ని చికిత్సల్లోనూ యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ తన సవరించిన సిఫారసుల్లో గట్టిగా చేయాలని చెప్పింది ఒక్క వ్యాయామాన్నే. ఒళ్ళు నొప్పులతో ఉన్న మనిషిని వ్యాయామం చేయమనడం క్రూరంగానే వినిపిస్తుంది. కిటుకు మొదలుపెట్టే కొలతలో ఉంది. బాగున్న రోజు చేయగలిగినంత కాకుండా, బాగోలేని రోజున కూడా చేయగలిగినంతతో మొదలుపెట్టండి, అది అయిదు నిమిషాల నడకే అయినా సరే. బాగున్న రోజున కూడా ఆ కొలత దాటకండి. వారం పది రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. మొదట్లో నొప్పి కాస్త పెరగవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో చేసే వ్యాయామం కొందరికి తేలిగ్గా ఉంటుంది.

మందుల్లో, రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ చాలాకాలంగా వాడుకలో ఉంది. అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి పొందిన మందుల్లో ప్రీగాబాలిన్ (2007), డ్యూలోక్సెటిన్ (2008), మిల్నాసిప్రాన్ (2009) ఉన్నాయి. ఇవి అందరికీ పనిచేయవు, పనిచేసినవాళ్ళకూ నొప్పి పూర్తిగా పోదు. మందులు పడవని మీ కాగితంలో రాసుకుంటే, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని అడగండి. ఇవి ఒక్కసారిగా ఆపేసేవి కావు. ఇబూప్రోఫెన్ వంటి మామూలు నొప్పిమాత్రలు ఈ నొప్పికి పెద్దగా అందవు, రోజూ మింగితే కడుపూ మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. ట్రమడాల్ అనే ఘాటైన నొప్పిమందు ఇంతకుముందు ఎవరైనా రాసి ఉంటే, డ్యూలోక్సెటిన్ మొదలుపెట్టే ముందు ఆ సంగతి తప్పక చెప్పండి, రెండూ కలిస్తే ప్రమాదం. ఆలోచనల తీరును, నొప్పితో మెలిగే తీరును మార్చే సీబీటీ చికిత్స కూడా కొందరికి మేలు చేస్తుంది.

మూడు నెలలకోసారి అదే ఒంటి బొమ్మ, అవే మార్కులు మళ్ళీ వేసి పాతదానితో పోల్చండి. రోజువారీ హెచ్చుతగ్గుల్లో కనబడని మార్పు అక్కడ కనిపిస్తుంది. మధ్యలో కొత్త లక్షణం ఏదైనా వస్తే ముందు ఎర్రసిరా జాబితాతో సరిచూడండి. అందులో లేకపోతే, ఇంతకుముందు ఇలాంటిది వచ్చిందా, పాతవాటితో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉందా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా అని చూసుకోండి. పాతవాటితో పొత్తు లేకుండా అది రెండు వారాలు దాటితే, "ఇదీ ఫైబ్రోయే అయ్యుంటుంది" అని మీరూ సర్దుకోవద్దు, ఎవరైనా అలా అంటే చూడకుండా వదలనివ్వొద్దు. తేదీ వేసి రాసుకుని, దానికోసమే విడిగా డాక్టరును కలవండి.